ఇరవై రెండు గుంజలు

ఆ వానాకాలం మొదటి వారంలో ఒకరోజు పొద్దున్నే మా పక్కింటి సిస్టరమ్మ చచ్చిపోయిన బాతును స్టీలు బేసినులో పెట్టి, మీద ఉతికిన తెల్లగుడ్డ కప్పి తీసుకొచ్చి మా వీధి తలుపు తట్టింది. ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం వదిలినా వీధిలో అందరికీ ఆవిడ సిస్టరమ్మే. గుడ్డ తీసి చూపించడం కూడా కట్టు విప్పి గాయం చూపించినట్టే చూపించింది.

"రెండోది," అంది. "మొదటిది పోయినప్పుడు నోరెత్తలేదు. మీ ఆయన కాలు విరిగి మంచంలో ఉన్నాడు, ఇప్పుడెందుకులే అనుకున్నాను."

"తప్పయిపోయిందండీ," అన్నాను.

"తప్పు నీది కాదు, కుక్కదీ కాదు. మీ కంచెది. మూడోసారి గాని వచ్చిందంటే మునిసిపాలిటీకి ఫోన్ చేస్తాను. కుక్కల బండి వచ్చి తీసుకెళ్తుంది. బెదిరించడం కాదమ్మాయ్. సూది వేసే ముందు నొప్పెడుతుందని చెప్పడం నాకు అలవాటు."

ఆ కుక్క పేరు మేనేజరు. మా ఆయన పనిచేసే కలప డిపోలో, దుంగల సందున పుట్టాడు. పని చేయడు, వేళకి తింటాడు, కనబడిన వాళ్ల మీదల్లా అరుస్తాడు కాబట్టి ఆ పేరు మా ఆయనే పెట్టాడు. అసలు మేనేజరు గారు ఒకసారి మా ఇంటికి వచ్చి గంటసేపు కూర్చుంటే, ఆ గంటలో వీణ్ణి పేరు పెట్టి పిలవకుండా నెట్టుకొచ్చేసరికి మా అందరికీ చెమటలు పట్టాయి. పిల్లల్లేని ఇంట్లో వాడిదే అల్లరి, వాడిదే అలక. బాతుల మీద వాడికి పగేమీ లేదు. ఆడుకుందామని పట్టుకునేవాడు. ఆ సంగతి బాతుకి తెలియదు.

మా ఆయన డిపోలో క్రేను నడిపేవాడు. వానలు మొదలవడానికి పది రోజుల ముందు క్రేను నిచ్చెన మీంచి జారి పడితే తొడ ఎముక రెండు ముక్కలైంది. లోపల ఇనుప కడ్డీ వేసి కుట్లు వేసి పంపారు. పెరటి వైపు గదిలో కిటికీ పక్కన మంచం వేశాం. ఆ కిటికీలోంచి చూస్తే పెరడంతా కనబడుతుంది, పెరటి చుట్టూ ఆయన తొమ్మిదేళ్ల కిందట వేసిన కంచె కూడా.

"నేను లేచాక చూస్తాను," అన్నాడు బాతు సంగతి చెప్పగానే. "నెల రోజులు ఓపిక పట్టు. ఆ కంచె నేను వేసింది, దాని గుట్టు నాకు తెలుసు. నువ్వు కెలక్కు. అంతదాకా గొలుసుతో కట్టేయ్."

కట్టేశాం. మేనేజరుకి పుట్టి బుద్ధెరిగి గొలుసు తెలీదు. మొదటి రోజు లాగాడు, రెండో రోజు అరిచాడు, మూడో రోజు పంపు గొట్టం చుట్టూ తిరిగి తిరిగి మెలికపడి పడుకున్నాడు. నాలుగో రోజు అరవడం మానేశాడు. మా అత్తయ్యకి కుక్కలంటే గిట్టదని ఊరంతా చెప్పుకుంటుంది. ఆవిడే ఆ రోజు అన్నం తినకుండా లేచిపోయింది.

"వాడి మెడ చూడవే," అంది నాతో. "చూశాక నువ్వు తింటావేమో చూస్తాను."

గొలుసు రాసుకుని మెడ కింద బొటనవేలంత మేర వెంట్రుకలు ఊడి, తోలు ఎర్రగా కమిలిపోయి ఉంది.

మర్నాడు ఆదివారం. వాన తెరిపిచ్చింది. నేను పెద్ద స్క్రూడ్రైవరు ఒకటి పట్టుకుని పెరట్లోకి దిగాను. నాది కళ్లజోళ్ల షాపులో అద్దాలు బిగించే పని. ఆవగింజంత మరలు, వెంట్రుకంత సందులు. పదిహేనేళ్లుగా అదే చూపు, అదే చెయ్యి. పలుగూ పారా ఎన్నడూ పట్టింది లేదు. కానీ ఏది వంకరగా ఉందో, ఏది వదులైందో చెప్పడం నాకు కొత్త కాదు.

మా పెరటికి కుడివైపు గోదాము గోడ ఉంది, దానితో బాధ లేదు. మిగిలిన రెండు వైపులా కంచె, కర్ర గుంజలకి కొట్టిన ఇనుప తీగ మెష్. సిస్టరమ్మ వైపు పదకొండు గుంజలు, వెనక వీధి వైపు పదకొండు. ఒక్కో గుంజ దగ్గర కూర్చుని, మట్టిని ఆనుకునే చోట స్క్రూడ్రైవరుతో పొడిచాను. గట్టి కర్ర అయితే టక్కుమని చేతికి తిరిగి తగిలేది. పుచ్చిన కర్ర అయితే మిగలపండిన పండులోకి దిగినట్టు దిగిపోయేది. అత్తయ్య గొడుగేసుకుని వెనకాలే వస్తూ లెక్క పెట్టింది.

"ఇదీ పోయిందా? ఇదీనా? ఒసే, ఇదంతా ఆ మెష్ పట్టుకుని నిలబడింది గాని, గుంజలు మెష్‌ని పట్టుకోలేదే!"

మొత్తం తొమ్మిది గుంజలు పుచ్చిపోయాయి. మెష్ అడుగున జానెడు మేర తుప్పు పట్టి, వేలితో నొక్కితే రాలిపోతోంది. వెనక గేటు పై బందుకి నాలుగు మరలుండాల్సిన చోట ఒక్కటే మిగిలింది. అద్దాల కవరు వెనక ఇవన్నీ రాసి మా ఆయనకి చూపించాను.

"తొమ్మిదేమిటి? ఐదుంటాయి," అన్నాడు.

"తొమ్మిది. కావాలంటే మీ అమ్మని అడగండి."

ఆయన కాగితం తిప్పి ఇచ్చేసి కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు.

మొదటి గుంజ వేసింది ఆ పై ఆదివారం. ఇనుప సామాన్ల షాపాయన కర్ర వద్దని, సన్నటి ఇనుప పైపులు తీసుకోమన్నాడు. "మేస్త్రీ ఎవరమ్మా?" అని అడిగితే "నేనే" అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, ఒక జత చేతి తొడుగులు ఊరికే ఇచ్చాడు. పుచ్చిన గుంజ పీకి, అదే గోతిలో పైపు నిలబెట్టి, రాళ్లేసి, సిమెంటు పోశాను. మధ్యాహ్నమంతా పట్టింది. చూడ్డానికి ముచ్చటగా, నిటారుగా నిలబడింది. రాత్రంతా వాన పడింది. పొద్దున్న లేచి చూస్తే పైపు వీధి వైపుకి ఒరిగి ఉంది, ఎవరినో పలకరించడానికి వంగినట్టు.

కిటికీలోంచి నవ్వు వినబడింది. వారం రోజుల తరవాత ఆయన నవ్వడం అదే. అయినా నాకు ఒళ్లు మండింది.

"గొయ్యి ఎంత తవ్వావు?"

"ఉన్న గొయ్యే."

"అది పుచ్చిపోయిన గుంజ గొయ్యి. చుట్టూ మట్టి గుల్లబారి ఉంటుంది. కింద ఇంకో మూరెడు తవ్వాలి. అడుగున కంకర పోయాలి, నీళ్లు దిగిపోవడానికి. నేను లేచాక చేస్తానంటే వినవేం?"

"మీరు లేచేదాకా వాడి మెడ ఆగదండీ."

"కుక్క మెడ కోసం నన్ను ఎగతాళి పాలు చేస్తున్నావు. వీధిలో వాళ్లంతా చూస్తున్నారు, మొగుడు మంచంలో ఉంటే పెళ్లాం గోతులు తవ్వుతోందని."

"వీధిలో వాళ్లకి మొగుడు మంచం మీంచి అరవడం కూడా వినబడుతోంది," అన్నాను.

ఆ సాయంత్రం షాపు నుంచి వచ్చి, ఒరిగిన పైపు పీకి, మూరెడు కాదు, మూరెడు మీద నాలుగు వేళ్లు తవ్వాను. అడుగున కంకర పోశాను. ఆయన కిటికీలోంచి చూస్తున్నాడని తెలుసు. నేను తల తిప్పలేదు.

డిపోలో లారీ నడిపే ఒకాయన మా ఇంటికి వస్తూ పోతూ ఉంటాడు. నేను అన్నయ్యా అని పిలుస్తాను. మరుసటి వారం ఆయన ఒక అట్టపెట్టె పట్టుకొచ్చాడు.

"ఇంత అవస్థ ఎందుకమ్మా? ఇదిగో, కొత్తరకం. నేల లోపల తీగ పాతేస్తాం. కుక్క మెడకి ఈ పట్టీ. తీగ దగ్గరికి వచ్చిందంటే ముందు పీపీమంటుంది. ఇంకా ముందుకొస్తే చిన్న షాక్ కొడుతుంది. గుంజలొద్దు, మెష్ వద్దు. ఒక్క పూటలో అయిపోతుంది."

మా ఆయన మొహం విప్పారింది. మంచం మీద సగం లేచి కూర్చుని ఆ పట్టీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదే నయం," అన్నాడు. "ఆ గోతుల గోల వదులుతుంది."

నేనూ కాదనలేదు. నిజం చెప్పాలంటే నా నడుము కూడా అవునని అంది. అన్నయ్య తీగను పెరట్లో ఒక వైపు గడ్డి కిందుగా పరిచి, కరెంటు పెట్టెకి తగిలించాడు. పట్టీ తెచ్చి మేనేజరు మెడకి కట్టబోతుంటే ఆ ఎర్రటి పుండు కనబడింది. పట్టీకి లోపలివైపు రెండు ఇనుప ముళ్లున్నాయి. అవి సరిగ్గా అక్కడే ఆనుతాయి.

"ఇటివ్వు అన్నయ్యా," అని పట్టీ తీసుకుని నా మణికట్టుకి బిగించుకున్నాను.

"వద్దమ్మా, అది..."

నడిచాను. పీపీమంది. ఇంకో అడుగు వేశాను. చెయ్యి మోచేతి దాకా జివ్వుమని, నాకు తెలియకుండానే కెవ్వుమన్నాను. ఇంట్లోంచి అత్తయ్య పరుగెత్తుకొచ్చింది. నేను వెనక్కి వచ్చి నిలబడి, గడ్డి వైపు చూశాను. అక్కడ నాకేమీ కనబడలేదు. ఎక్కడ అడుగు వేస్తే కొట్టిందో మళ్లీ చెప్పమంటే నేనూ చెప్పలేను.

"ఏమైందే?" అంది అత్తయ్య.

చెప్పాను. ఆవిడ పట్టీని రెండు వేళ్లతో పట్టుకుని కిటికీ వైపు చూపించింది. "ఒరే, ఇది ముప్పై ఏళ్ల కిందట దొరికి ఉంటే నీకే కట్టేదాన్ని. బడి ఎగ్గొట్టి ఎక్కడికి పోయేవాడివో తెలిసేది."

లారీ అన్నయ్య పడిపడి నవ్వాడు. మా ఆయన నవ్వలేదు.

"చిన్న షాకే కదోయ్. రెండ్రోజుల్లో అలవాటు పడతాడు."

"కనబడని గీత దాటావని కొడితే వాడికేం అర్థమవుతుందండీ? బాతులు ఇటు వస్తే ఆపేదీ కాదు. నాకు తొమ్మిది గుంజలు ఎక్కడున్నాయో తెలుసు. రెండయ్యాయి, ఏడున్నాయి. అన్నయ్యా, ఏమీ అనుకోకు, ఇది తీసుకుపో."

మా ఆయన ఏదో అనబోయి, నా మణికట్టు మీద పక్కపక్కనే పడిన రెండు ఎర్రటి చుక్కలు చూసి ఆగిపోయాడు.

ఆ తరవాత మూడు వారాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. పొద్దున్న షాపుకి వెళ్లేముందు గంట, సాయంత్రం వచ్చాక చీకటి పడేదాకా. వాన పడితే తవ్వేదాన్ని, ఎండ కాస్తే సిమెంటు పోసేదాన్ని. అద్దాలు బిగించే చేతికి బొబ్బలు లేచి, పగిలి, గట్టిపడ్డాయి. షాపులో ఒక పెద్దాయన ముక్కు మీద కళ్లజోడు సర్దుతుంటే, "ఏమ్మా, చేతులు గరుగ్గా ఉన్నాయి, ఇళ్లు కడుతున్నావా?" అని అడిగాడు.

పైపులు నిలబడ్డాక కొత్త మెష్. దాన్ని ఊరికే తగిలిస్తే లాభం లేదని, అడుగున మూరెడు మిగిల్చి లోపలి వైపుకి మడిచి, నేల మీద పరిచి, పైన జానెడు మట్టి కప్పమని మా ఆయన చెప్పాడు. అవును, ఆయనే చెప్పాడు. ఒకరోజు నేను మెష్ లాగలేక అవస్థ పడుతుంటే కిటికీలోంచి, "గునపాన్ని కన్నాల్లోంచి దూర్చి, గుంజకి ఆనించి, వెనక్కి వాలు," అన్నాడు. అరవలేదు. మామూలుగా అన్నాడు. వాలాను. మెష్ తంబుర తీగలా బిగిసింది. దాని మీద వేలితో మీటితే ఝుమ్మంది. "ఆఁ," అన్నాడు ఆయన.

ఆ రోజు నుంచి సాయంత్రాలు ఆయన కిటికీ దగ్గర కూర్చుని చెప్పేవాడు, నేను చేసేదాన్ని. అప్పుడప్పుడు చెప్పినట్టు చేసేదాన్ని కాదు. ఏ గుంజ ఎంత ఒరిగిందో నా కంటికి తెలిసినట్టు ఆయనకి తెలిసేది కాదు. "నిటారుగానే ఉంది కదోయ్" అంటే, "వేలి మందం ఎడమకి ఉంది" అనేదాన్ని. దారానికి రాయి కట్టి వేలాడేసి చూస్తే నేనన్నంతే ఉండేది. నేను ఆలస్యంగా లోపలికి వస్తున్నానని వంట పని ఆయన మీద పడింది. ఎత్తు స్టూలు మీద, కట్టు కాలు ముందుకి చాచుకుని, పొయ్యి ముందు కూర్చునేవాడు. మొదటి రోజు కూర నోట్లో పెట్టుకుని అత్తయ్య, "ఉప్పు ఎక్కువైనా పరవాలేదురా, ఇంకో రెండు రోజులకి సరిపడా అయింది," అంది.

ఆస్పత్రికి రమ్మన్న రోజు వచ్చింది. ఇద్దరం వెళ్లాం. ఎక్స్‌రే ఫోటోలు తీశాక ఆయన నన్ను మందుల కోసం కింది అంతస్తుకి పంపాడు. నేను చీటీ పట్టుకుని వరసలో నిలబడి వచ్చేసరికి ఆయన డాక్టరు గదిలోంచి బయటికి వచ్చి, చంక కర్రలు పక్కన పెట్టుకుని బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమన్నారు?"

"ఇంకొన్నాళ్లు పడుతుందిట," అన్నాడు.

దారంతా బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. దారిలో కలప డిపో వచ్చింది. క్రేను ఎవరో నడుపుతున్నారు. ఆయన అటు చూడలేదు.

మర్నాడు సాయంత్రం నేను పెరట్లోకి దిగి సుత్తి కోసం వెతికాను. ఆయనది పెద్ద సుత్తి. పిడి నా గుప్పిట్లో పట్టేది కాదు, మధ్యలో పట్టుకుని కొట్టేదాన్ని. ఉండాల్సిన చోట లేదు.

"ఇక్కడుంది," అన్నాడు కిటికీలోంచి.

వెళ్లి తీసుకున్నాను. పిడి పొట్టిగా ఉంది. చివర జానెడు కోసేశాడు. మిగిలిందాన్ని చుట్టూ చెక్కి, గరుకు కాగితంతో నున్నగా రుద్దాడు. కింద మంచం చుట్టూ చెక్క తురుము పడి ఉంది. చేత్తో పట్టుకుంటే నా వేళ్లు చుట్టూ తిరిగి బొటనవేలికి తగిలాయి. ఆయన చేతిలో ఇక అది ఆటబొమ్మలా ఉంటుంది.

"నీకు లావుగా ఉంది కదా," అన్నాడు.

పిడిని గుప్పిట్లో అటూ ఇటూ తిప్పాను.

"డాక్టరు ఏమన్నారండీ?"

"చెప్పాగా." ఒక పేడు తీసి కిటికీ బయటికి విసిరాడు. "క్రేను ఎక్కొద్దన్నాడు."

"ఎన్నాళ్లు?"

"ఎన్నాళ్లని అనలేదు."

మేనేజరు గొలుసు ఈడ్చుకుంటూ లేచి ఒళ్లు విదిలించుకున్నాడు. నేను సుత్తి ఒకసారి గాల్లో ఊపి చూశాను. బరువు సరిగ్గా కుదిరింది.

"బాగుంది," అన్నాను.

"వెళ్లు మరి, వెలుతురు పోతోంది."

వెళ్లి, మిగిలిన కర్ర గుంజల్లో ఎనిమిదోదానికి మేకులు కొట్టి మెష్ బిగించాను. ఆ సాయంత్రం ఒక్క దెబ్బా తప్పు పడలేదు.

ఇరవై రెండు గుంజలకీ మెష్ బిగించి, గేటుకి కొత్త బందులు వేశాక, మేనేజరు గొలుసు విప్పేశాం. వాడు నేరుగా ఎప్పుడూ దూరే మూలకి వెళ్లి తవ్వడం మొదలుపెట్టాడు. ముగ్గురం కిటికీ దగ్గర ఊపిరి బిగబట్టి చూశాం. జానెడు తవ్వేసరికి పాతిపెట్టిన మెష్ తగిలింది. పక్కన తవ్వాడు, అక్కడా అదే. మూతినిండా బురదతో గట్టిగా తుమ్మి, మా వైపు తిరిగి ఒకసారి అరిచాడు, ఎవరిదీ పని అని అడిగినట్టు. అత్తయ్య చప్పట్లు కొట్టింది.

అంతా అయిందనుకున్నాం. కానీ సిస్టరమ్మ పెరడు మాకంటే మెరక. వాన నీళ్లు అటునుంచి ఒక చిన్న కాలవలా కంచె కిందుగా మా వైపు వస్తాయి. అక్కడా నేను మెష్ అడ్డం వేశాను. ఐదు రోజుల తరవాత కురిసిన పెద్ద వానకి ఆకులూ చెత్తా కొట్టుకొచ్చి మెష్‌కి అడ్డం పడ్డాయి. వెనక నీళ్లు నిలిచి, నిలిచి, ఒక్క తోపుతో మెష్‌ని ఊడబెరికాయి.

మధ్యాహ్నం పన్నెండింటికి షాపుకి ఫోన్ వచ్చింది. మా ఆయన.

"దాటాడు," అన్నాడు. "బాతు బతికే ఉంది. తోక ఈకలు పోయాయి. సిస్టరమ్మ చీపురుతో తరిమింది. కానీ ఫోన్ చేసేసిందిట. రేపు పొద్దున పదింటికి బండి వస్తుంది."

షాపు ఓనరుకి చెప్పి బయల్దేరాను. వాన కురుస్తూనే ఉంది. ఇంటికి వచ్చి నేరుగా సిస్టరమ్మ దగ్గరికే వెళ్లాను.

"బతికింది కదండీ," అన్నాను.

"బతికింది. నా మాట కూడా బతకాలి కదమ్మాయ్." బాతుకి పసుప్పచ్చటి మందు రాస్తోంది, తల ఎత్తలేదు. "బండి వచ్చేది పదింటికి. అప్పటికి వాడు రాలేడని నువ్వు చూపిస్తే, బండి ఆయన్నే తేల్చమంటాను."

పెరట్లోకి వచ్చి ఆ కాలవ ముందు కూర్చున్నాను. మళ్లీ మెష్ వేస్తే మళ్లీ చెత్త అడ్డం పడుతుంది. మెష్ లేకపోతే మేనేజరు పోతాడు. నీళ్లు రావాలి, వాడు పోకూడదు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. షాపు కోటు జేబులో పొరపాటున తెచ్చేసిన కళ్లజోడు ఫ్రేము ఒకటి ఉంది. దాని కాడను తెరుస్తూ మూస్తూ కూర్చున్నాను. తెరుస్తూ, మూస్తూ. లోపలికి మడుచుకుంటుంది. బయటికి కొంతదాకా వచ్చి ఆగిపోతుంది, ఎంత నొక్కినా ఇంక పోదు.

లేచాను.

"ఏమండీ! షెడ్డులో పాత కిటికీ చువ్వల చట్రం ఉందా?"

"ఉంది. ఎందుకు?"

"తలుపు చేస్తాను. పైన బందులు, కింద గడప. నీళ్లు అటునుంచి తోస్తే ఇటు తెరుచుకుంటుంది. వీడు ఇటునుంచి తోస్తే గడపకి కొట్టుకుని ఆగిపోతుంది."

ఆయన కిటికీలోంచి కాలవ వైపు వంగి చూశాడు. "కాలితో లాగితే?"

"గోరు దూరే సందు లేకుండా చేస్తాను. అది నాకొదిలేయండి."

నేను చట్రం మోసుకొచ్చేసరికి వెనక తలుపు చప్పుడైంది. తిరిగి చూస్తే ఆయన. రెండు చంక కర్రల మీద, వానలో, మెట్లు దిగుతున్నాడు. కాలు విరిగాక పెరట్లోకి దిగడం అదే మొదలు. వెనకాల అత్తయ్య ఒక చేత్తో స్టూలు, ఒక చేత్తో గొడుగు పట్టుకుని, "ఒరే జారతావురా, ఒరే," అంటూ వస్తోంది.

"నన్ను ఆపకమ్మా. బందులు బిగించేటప్పుడు చట్రం ఎవరో పట్టుకోవాలి," అన్నాడు.

కాలవ పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టాం. అత్తయ్య గొడుగు ఆయన మీద పట్టలేదు, సిమెంటు మీద పట్టింది. నేను నీళ్లకి పక్కనుంచి దారి మళ్లించి, గడపకి రాయి పరిచి, సిమెంటు పెట్టాను. పాత గేటు బందులు తుప్పు గీకి, నూనె పోసి చట్రానికి బిగించాను. ఆయన బలంగా, కదలకుండా పట్టుకున్నాడు. ఆ చేతుల్లో బలం ఎక్కడికీ పోలేదు. మొదట పెట్టినప్పుడు అంచు దగ్గర సన్నటి సందు మిగిలింది. విప్పి మళ్లీ బిగించాను. రెండోసారీ మిగిలింది.

"చాల్లే, కనబడనంత," అన్నాడు.

"నాకు కనబడుతోంది," అన్నాను. విప్పాను. మూడోసారికి కుదిరింది.

చీకటి పడేసరికి అయింది. ముగ్గురం నిలువునా తడిసి ఉన్నాం. ఆయన పెదాలు నీలంగా ఉన్నాయి, మొహం మాత్రం వెలుగుతోంది. చట్రాన్ని చేత్తో గట్టిగా ఇటు లాగాడు, ఊగి వచ్చింది. అటు తోశాడు, ఠంగుమని ఆగింది. మళ్లీ తోశాడు. మళ్లీ.

"విరగ్గొడతారు, ఉండండి," అన్నాను.

పొద్దున్న పదింటికి బండి వచ్చింది. అందులోంచి దిగిన ఆయన చేతిలో చివర ఉచ్చు ఉన్న పొడుగాటి కర్ర ఉంది. చిరాగ్గా ఉన్నాడు. పెరట్లోకి వచ్చి, ఒక్కో గుంజని బూటుతో తన్నుకుంటూ నడిచాడు. ఇరవై రెండూ తన్నాడు. మెష్ అడుగు పైకి లేపబోయాడు, రాలేదు. మేనేజరు ఆయన వెనకాలే, తనే చూపిస్తున్నట్టు ఒక్కో గుంజా వాసన చూస్తూ తిరిగాడు.

"ఎవరు వేశారు?" అన్నాడు ఆయన.

నేను నోరు తెరిచేలోపు మా ఆయన చంక కర్రల మీంచే, "మా ఆవిడ," అన్నాడు.

బండి ఆయన కాలవ దగ్గర ఆగి, కంచె అవతల నిలబడ్డ సిస్టరమ్మతో, "ఏమంటారమ్మా? మీదే ఫిర్యాదు," అన్నాడు.

సిస్టరమ్మ వంగి చువ్వల తలుపుని తన వైపు నుంచి తోసింది. అది మా వైపుకి తెరుచుకుంది. కళ్లజోడు పైకి నెట్టుకుని నన్ను చూసింది.

"నీ కుక్క ఇటు రాదు సరే. నా బాతులు అటు వస్తే?"

మా ఆయన మొహం వెలవెలబోయింది.

"రావండీ," అన్నాను. "వరద వస్తేనే లేచేంత బరువుంది. మీ చేతి బలం బాతుకి లేదు. చూసుకోండి."

సిస్టరమ్మ లోపలికి వెళ్లి బాతును, ఆ తోక లేనిదాన్నే, చంకలో పెట్టుకొచ్చి తలుపు ముందు దింపింది. బాతు చువ్వల్ని చూసింది. ముక్కుతో రెండుసార్లు పొడిచింది. ఒళ్లంతా ఆనించి ఒకసారి తోసింది. తలుపు కదల్లేదు. ఇటువైపు నుంచి మేనేజరు మూతి ఆనించి తోశాడు. అదీ కదల్లేదు. రెండూ మొహామొహాలు చూసుకున్నాయి. బాతు వెనక్కి తిరిగి, లేని తోక ఊపుకుంటూ వెళ్లిపోయింది.

"సరే, మీరు వెళ్లండి బాబూ," అంది సిస్టరమ్మ బండి ఆయనతో. "ఊరికే తిప్పాను. కాస్త కాఫీ తాగి వెళ్లండి."

అత్తయ్య చీర కొంగుతో మొహం తుడుచుకుని, కుక్కని పట్టించుకోనట్టే లోపలికి పోయింది. కాసేపటికి వంటింట్లోంచి గిన్నె నేల మీద పెట్టిన చప్పుడూ, వాడు గబగబా తింటున్న చప్పుడూ వినబడ్డాయి.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం పొద్దున్న మంచి ఎండ కాసింది. నేను గేటు బందులకి నూనె వేస్తున్నాను. మా ఆయన పెరటి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. అప్పటికి రెండు చంక కర్రలు పోయి ఒకటి మిగిలింది. సిస్టరమ్మ కంచె అవతల నుంచి పిలిచింది.

"అమ్మాయ్, నా బాతుల గూడుంది చూశావా, దాని కింది చెక్కలన్నీ పుచ్చిపోయాయి. ఒకసారి వచ్చి చూస్తావా?"

నేను చేతులు తుడుచుకునేలోపు మా ఆయనే జవాబిచ్చాడు.

"ఈ వారం తనకి కుదరదండీ, షాపులో పనెక్కువ. వచ్చే ఆదివారం మొదలుపెడుతుంది. ఈలోగా కొలతలు నేను తీసుకుంటాను."

"నువ్వా నాయనా? నడవగలవా?"

"ఎంత దూరమని?"

పెన్సిలు చెవి మీద పెట్టుకుని లేచాడు. చంక కర్ర మెట్టుకి ఆనించి ఉంది. దాని వైపు చూసి, తీసుకోకుండా, సిస్టరమ్మ వైపు కంచె మొదట్లో ఉన్న గుంజ మీద చెయ్యి వేశాడు. బరువంతా దాని మీద మోపి ఒక అడుగు వేశాడు. తరవాత రెండో గుంజ. నేను నూనె డబ్బా పట్టుకుని లేచి నిలబడ్డాను గాని దగ్గరికి వెళ్లలేదు. మేనేజరు ఆయన పక్కనే నడిచాడు. గుంజ తరవాత గుంజ పట్టుకుంటూ, ఒళ్లు వాల్చుకుంటూ, ఆగి ఊపిరి తీసుకుంటూ, ఆయన పదకొండో గుంజ దాకా వెళ్లాడు. ఒక్కటీ కదల్లేదు.